సాయం చేయకూడని పరీక్ష

అత్తయ్యకు,

మేనకోడలు నమస్కరించి రాస్తున్నది. ఫోన్ చేస్తే మీరు టీవీ కట్టేయరు, నా మాట మీకు వినపడదు. అందుకే ఉత్తరం.

మా నగర కార్యాలయం వెబ్‌సైట్ జనానికి అర్థం కావడం లేదని నేను మొత్తుకుంటున్నాను. మా అధికారి నమ్మడం లేదు. నెలాఖరుకి కౌంటర్ మూసేస్తారట. ఇంటికి నర్సును పంపమని అడిగే దరఖాస్తులన్నీ ఇక వెబ్‌సైట్‌లోనే పెట్టుకోవాలట. పక్షవాతంతో ఉన్న మామయ్యకి నర్సు గడువూ అప్పుడే ముగుస్తుంది కదా.

మీ వీధిలో ఆ వెబ్‌సైట్ ఎన్నడూ చూడని నలుగురిని పంపండి. వాళ్లు ఎక్కడ తికమకపడతారో మేం చూస్తాం. మనసులో అనుకునేది వాళ్లు పైకి అనాలి. మేం పక్కనే ఉన్నా సాయం చేయకూడదు, అది నియమం. పరీక్షలో దరఖాస్తు నింపడానికి నమూనా వివరాల కాగితం జతచేశాను.

ఇట్లు,
మీ చిట్టితల్లి

తా.క. తప్పులు చేసినా పరవాలేదని చెప్పండి.

చిట్టితల్లికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి గుండె జారిపోయింది. అధికారి ఎదుట పరీక్ష, నువ్వేమో నోరు విప్పకూడదు. అంటే నీ ఉద్యోగానికే ఎసరు పెట్టారన్నమాట. పరవాలేదని రాశావు. చిన్నప్పుడు ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ అదే మాట అనేదానివి.

నీ పరువు పోనిస్తానా? కౌంటర్ గుమస్తాను బతిమాలి దారి కనుక్కున్నాను. నర్సు దరఖాస్తు 'ఆరోగ్యం' కింద లేదు. 'తోటలు, పార్కులు' కింద 'ఇతరములు'లో దాక్కుంది. టైలరమ్మ, రిటైరైన డ్రైవరు, పక్కింటి వదిన, తాళాలాయన, నలుగురికీ టైలరమ్మ ఇంట్లో కంప్యూటర్ మీద కంఠతా పట్టించాను. దొంగ కూడా ఇక్కడ వెతకడు అన్నాడు తాళాలాయన.

నీ మేలుకోరే
అత్తయ్య

తా.క. పైకి ఏం అనాలో కూడా నేర్పాను: "ఆహా, ఎంత సులువు."

అత్తయ్యకు,

నమస్కారం రాయడానికి కూడా చేయి రావడం లేదు. నలుగురూ 'ఆరోగ్యం' వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా తోటల్లోకి వెళ్లారు. డ్రైవరు గారైతే తెర వెలగకముందే "ఆహా, ఎంత సులువు" అన్నారు.

అది నాకు పరీక్ష కాదు అత్తయ్యా, వెబ్‌సైట్‌కి. వాళ్లు తడబడితేనే కొత్తది తయారుచేయనిస్తారు. నేర్చుకుని వచ్చారని మా అధికారికి చెప్పాను. "నేర్చుకోగలిగారంటే సులువేగా" అని కౌంటర్ మూసేయమన్నారు. బంధువుల దరఖాస్తు ఉద్యోగులు ముట్టుకోకూడదు కాబట్టి మామయ్యది నేను పెట్టలేను. నాకు కోపంగా ఉంది, అంతకంటే ఎక్కువ దిగులుగా ఉంది.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. టైలరమ్మ వెళ్తూ, "ఉద్యోగం నిలిచిందా తల్లీ?" అని నా చెవిలో అడిగింది.

చిట్టితల్లికి,

నువ్వు తిట్టినా పడతాను. మామయ్య దరఖాస్తు నేనే పెట్టబోయాను. నేను నేర్పిన దారి కొత్తవాళ్లకేనట, గడువు పొడిగించడానికి పనికిరాదట. వెబ్‌సైట్ పాత అనుమతి చూపమంటుంది, చూపిస్తే మొదటికి తీసుకుపోతుంది. పరుగున కౌంటర్‌కి వెళ్తే గుమస్తా బల్ల సర్దుకుంటున్నాడు.

నర్సు రావడం మానేసింది. నిన్న నేనొక్కదాన్నే మామయ్యను పక్కకి తిప్పబోతే ఇద్దరం మంచం అంచుకి జారాం. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భయంగా ఉందమ్మా.

అత్తయ్య

తా.క. సాధనలో నీ కాగితంలోని వివరాలే పెట్టించాను. నలుగురి చేతా 'పంపించు' దాకా నొక్కించాను. సగంలో వదిలేసే చదువు నా దగ్గర లేదు.

అత్తయ్యకు,

ఈసారి నిండు నమస్కారం. ఆ కాగితంలో చిరునామా ఎవరిదో తెలుసా? పరాయివాళ్ల వివరాలు వాడొద్దని మా అధికారి తనదే ఇచ్చారు. ఈ పొద్దున ఆయన ఇంటికి నలుగురు నర్సులు దిగారు. నాకేం జబ్బు లేదని అరిచేసరికి, పడుకోబెట్టి బీపీ చూశారట.

ఆఫీసుకొచ్చి రద్దు చేయడానికి స్వయంగా కూర్చున్నారు. నేను పక్కనే కూర్చున్నాను. 'ఆరోగ్యం'లో వెతికారు, 'సేవలు'లో వెతికారు, మొదటికొచ్చారు. "రద్దు ఎక్కడుందమ్మా?" అన్నారు.

"సాయం చేయకూడదు సార్. మనసులో అనుకునేది పైకి అనండి" అన్నాను.

చివరికి కుర్చీ వెనక్కి జరిపి, "మంచాన పడ్డవాళ్లున్న ఇంట్లో దీంతో ఎలా వేగుతారు?" అని అడిగారు. మంచం అంచు సంగతి చెప్పాను. ఆయన ఫోన్ తీసి గుమస్తాను మళ్లీ కూర్చోమన్నారు. కొత్త వెబ్‌సైట్ వచ్చేదాకా కౌంటర్ ఉంటుంది. రేపు పొద్దున్నే వచ్చి మామయ్య కాగితాలు ఇవ్వండి.

మీ చిట్టితల్లి

తా.క. ఆయన పైకి అన్నవన్నీ నియమం ప్రకారం రాసుకున్నాను. నివేదికలో పెట్టదగ్గ మాట ఒక్కటే దొరికింది: "అయ్యో దేవుడా."