మార్ష్‌మాలో బిళ్ళలో బలం

మంగళవారం, రాత్రి

మిర్చి ఏరడానికి పోతూ లక్ష్మి పొద్దున అంగన్‌వాడీకి వచ్చింది. కొంగుముడి విప్పి ఒక ఖాళీ రేపర్ చూపించింది. పోయిన వారం ఆమె మూడేళ్ల కూతురు సునీతకు నేనిచ్చిన మార్ష్‌మాలో బిళ్ళది. మరమరాలను తీపి పాకంతో అంటించినట్టు ఉంటుంది. ఖమ్మంలో మా అమ్మాయి కోసం కొన్నాను.

"మేడమ్, గిది ఏ దుకాణంల దొరుకుతది? పిల్ల గుడ్డు ముడుతలేదు, గిదే కావాలని ఏడుస్తాంది. మీరు పెట్టిండ్రంటే బలమే గదా?"

సునీత బరువు తక్కువ పిల్ల. ప్రతి నెలా తల్లులకు గుడ్డు, పప్పు గురించి చెప్పేది నేనే.

"బలమేం లేదు లక్ష్మీ, అంతా చక్కెరే. గుడ్డే పెట్టు."

"మరి మా పిల్లకు ఎందుకు పెట్టిండ్రు?"

కోపంతో కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

"ముద్దొచ్చి ఇచ్చిన," అన్నాను.

అబద్ధం. ఆ రోజు సూపర్‌వైజర్ వచ్చారు. సునీత బరువు కాటా ఎక్కనని ఒకటే ఏడుపు. పళ్ళ కింద కరకరలాడి నోట్లో మెత్తగా కరిగే ఆ తీపికి ఏ పిల్లయినా ఏడుపు ఆపుతుందని నాకు తెలుసు. సంచిలోంచి ఒకటి తీసిచ్చాను, ఆపింది. పిల్లలను బాగా చూసుకుంటున్నానని ఆయన మెచ్చుకున్నారు కూడా.

రేపు గుడ్డు నా చేత్తో తినిపించి చూడాలి. తినకపోతే...

వెళ్తూ వెళ్తూ లక్ష్మి నాకు దండం పెట్టింది, నిజం చెప్పినందుకు.