నీ మామిడిపూత పాఠం

అక్కా,

నువ్వు పోయాక పాకాల బడిలో నీ సైన్సు క్లాసు రమణయ్య సారుకు ఇచ్చారు. ఆయనకు లాప్‌టాప్ అంటే భయం. నేర్పడానికి నేనే వెళ్తున్నాను. ఈ రోజు పిల్లల ముందు, నువ్వు క్లౌడ్‌లో దాచిన మామిడిపూత పాఠం తెరిచారు. అంతలోనే తెరంతా తెల్లబడింది.

"ఏందో నొక్కినానమ్మా, మీయక్క పాఠమంతా పొయ్యింది!" అన్నారు సారు.

"ఏం కాదులే సార్, ఉండండి," అంటూ లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. ఆ పాఠం ఇంకెక్కడా లేదు. పాత కాపీల కోసం వెతికితే నెట్ తిరుగుతూనే ఉంది. చివరికి క్లౌడ్ దానంతటదే దాచిన నిన్నటి కాపీ దొరికింది. నీ బొమ్మలు, నీ ప్రశ్నలు మళ్లీ తెర మీదికి వచ్చాయి.

సారు కళ్లు తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నీ ప్రశ్నల కింద తనదొకటి టైప్ చేశారు. పిల్లలు నీకూ ఆయనకూ కలిపి జవాబులు రాశారు.

నీ చెల్లి