పూత దులిపి చూశాను

మంగళవారం, రాత్రి.

మా మిరప తోటకి నల్ల తామర పురుగు వచ్చేసిందట. తోటలోకి కాదు, మా ఆయన ఫోన్‌లోకి. నాలుగు రోజుల క్రితం ఒక్క వీడియో చూశాడు. అప్పటి నుంచి ఏది తెరిచినా అదే పురుగు, అదే మందు.

"ఇంతమంది చెబుతుంటే అబద్ధమంటావేందే? రేపు మందు కొట్టాల్సిందే," అన్నాడు.

"మొన్న నేనొక జాకెట్టు డిజైను చూశా. ఇప్పుడు నా ఫోన్ నిండా జాకెట్లే. అయితే ఏందయ్యా, లోకమంతా జాకెట్లే కుట్టించుకుంటందా?" అన్నాను.

సాయంత్రం నేనే తోటలోకి వెళ్ళి, సాలుకి రెండు మొక్కల చొప్పున, ఆ పురుగు దాక్కునే పూత అరచేతిలో దులిపి చూశాను. పుప్పొడి తప్ప ఒక్క పురుగూ రాలలేదు. వచ్చి చెయ్యి చూపిస్తే, "నీకేం తెలుసు" అని మళ్ళీ ఫోన్‌లో తల దూర్చాడు. పదిహేనేళ్ళుగా ఆ తోటలో కాయ కోస్తున్నదాన్ని నేను. ఆ వీడియోల వాళ్ళెవరూ మా గట్టు తొక్కలేదు.

నిజంగానే పురుగు వస్తే? ఆ భయం నాకూ ఉంది. ఆయనతో మాత్రం అనను. రోజూ పొద్దున్నే వెళ్ళి దులిపి చూస్తాను.

మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఛార్జర్ బియ్యం డబ్బాలో దాచాను. పురుగు నా అరచేతిలో కనపడిన రోజే అది బయటికొస్తుంది.