ముప్పై పట్టీలు

3 నవంబరు 1919, సోమవారం. నౌపడ.

ఈ రోజు ఉప్పుమళ్ళ గట్టు మీద ఒక ముసల్దాన్ని కొట్టాను. కొంగులో గుప్పెడు ఉప్పు మూటగట్టుకుని పోతోంది. బెత్తంతో మూడు తగిలించాను. నా డ్యూటీ. గుమాస్తా అంటే కలం ఒక్కటే అనుకుంటారు జనం. షావుకారు నాకు బెత్తం కూడా ఇచ్చాడు. మూడో దెబ్బకి ముసల్ది చతికిలబడి, నీ అమ్మ కడుపు కాల అని తిట్టింది. మా అమ్మ కడుపు కాలి రెండేళ్ళయిందే, పో అని అరిచాను. అలా అరిచినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. కొట్టినందుకు లేదు.

అన్నయ్య సన్యాసి 1916లో కూలీ పటాలంలో చేరి యుద్ధానికని బస్రా వెళ్ళాడు. మరుసటి ఏడు చనిపోయాడని ఒక అచ్చు కాగితం వచ్చింది. ఎలా పోయాడో అందులో లేదు. అమ్మ ఆ కాగితాన్ని నమ్మలేదు. దినం చెయ్యనివ్వలేదు. నా కొడుకు ఎలాగ పోయినాడో తెలుసుకురా, అప్పుడు సేద్దాం అంది. పటాలం ఆఫీసుకి ఇప్పటికి ఐదు ఉత్తరాలు రాశాను. ఆరోది ఇవాళ వేశాను.

14 నవంబరు.

జవాబు లేదు.

21 నవంబరు, సాయంత్రం 4 గంటలు.

వచ్చింది! మొత్తం రెండే లైన్లు. కూలీ సన్యాసి, అవార్డెడ్ థర్టీ స్ట్రైప్స్, సెవెన్త్ మే 1917. డైడ్, నైన్త్ మే.

స్టేషన్ మాస్టరు చేత చదివించుకోవచ్చు. ఎందుకు? టెక్కలిలో థర్డ్ ఫారం దాకా చదివినవాణ్ణి, నా ఇంగ్లీషు నాకుంది. అవార్డ్ అంటే బహుమానం. స్ట్రైప్ అంటే హవల్దారు జబ్బకి కుట్టే పట్టీ. పలాస ప్లాట్‌ఫారం మీద కళ్ళారా చూశాను. హవల్దారుకే మూడు. మావాడికి ముప్పై! కొంచెం ఎక్కువేననిపించింది. కూలీ పటాలంలో లెక్క వేరై ఉంటుంది.

ఉప్పు బస్తా మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

23 నవంబరు, ఆదివారం. ఊరు.

అమ్మ మూడుసార్లు చదివించుకుంది. ముప్పయ్యేనా, సరిగ్గా సూడు అంది. ఒక్క ఒంటి మీద అన్ని పట్టీలు ఎలాగ పట్టినాయిరా అని ఆశ్చర్యపోయింది. తరువాత కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి తల కొట్టుకుంటూ ఏడ్చింది. నుదురు చిట్లింది. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపు. పట్టుకోబోతే తోసేసింది.

సాయంత్రానికి తేరుకుంది. అన్ని పట్టీలిచ్చినారంటే గొప్పగానే పోయుంటాడు, ఇక దినం సేద్దాం అంది. డిసెంబరు 7న దినం. శవం లేదు, సమాధి లేదు, అందుకని వీధి గోడకి సున్నం వేయించి, దాని మీద ఎర్రజాజుతో ముప్పై పట్టీలు గీయించాలట. ఊరంతా చూడాలట. అన్నయ్యతో కలిసి వెళ్ళిన మూలపేట బైరాగి తిరిగొచ్చాడని విన్నదట. ఆడు పక్కనే ఉండుంటాడు, పిలుసుకురా, అందరి ముందరా సెప్పించుదాం అంది.

27 నవంబరు. మూలపేట నుంచి వచ్చాను.

బైరాగి గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. వచ్చి ఏడాది దాటినా మా గడప ఎందుకు తొక్కలేదని అడిగాను. తలెత్తలేదు. ఉత్తరం తీసి చదివాను, అర్థం చెప్పాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. అది పట్టీ కాదు బాబూ అన్నాడు. పటాలంలో శిక్ష ఏసినా అవార్డనే అంటారు, స్ట్రైప్ అన్న మాట మాకందరికీ తెలుసు, అది కొరడా దెబ్బ అన్నాడు.

ఆ రోజు బైరాగికి జ్వరం. బస్తా మొయ్యలేక పడిపోతే జమాదారు బూటుతో కడుపులో తన్నాడు. పడ్డవాణ్ణి మళ్ళీ తన్నాడు. అన్నయ్య బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో జమాదారు మూతి పగలగొట్టాడు. పళ్ళు నేల రాలాయి. విచారణ ఐదు నిమిషాలు. అన్నయ్యని బండి చక్రానికి కట్టారు. కొరడా తెచ్చి బైరాగి చేతిలో పెట్టారు. కొట్టకపోతే తరువాత చక్రానికి కట్టేది నిన్నే అన్నారు.

కొట్టాడు.

మెల్లిగా ఏస్తే అది లెక్కలోకి రాదనీసినారు బాబూ అన్నాడు. మొదట్లో అన్నయ్యే కేకేశాడట, ఎయ్యరా, నాకేటీ అవదు అని. ఐదోదానికి తోలు లేచింది. పదోదానికి కొరడా తడిసి బరువెక్కింది. పదిహేడు తరవాత మరి మాటాడనేదు, మిగతా పదమూడూ మాటాడనోడి మీదే ఏసినాను అన్నాడు. రెండు రోజులు పక్కన కూర్చుని ఈగలు తోలాడట. మూడో రోజు తోలాల్సిన పని లేకపోయిందట.

బెత్తం నా చేతిలోనే ఉంది. ఎప్పుడు ఎత్తానో నాకు తెలియదు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. బైరాగి లేచి, పైగుడ్డ తీసి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. రెండు అని తనే పైకి లెక్కపెట్టాడు. మూడు అన్నాడు. పెళ్ళాం చిన్నతల్లి గుండెలు బాదుకుంటూ వస్తే చేత్తో ఆపాడు. రక్తం మొలలోకి కారుతోంది. నాకు హాయిగా ఉంది. నిజం రాస్తున్నాను, హాయిగానే ఉంది. పదహారు అన్నాక నా చెయ్యి లేవలేదు. ఎయ్యండి బాబూ అన్నాడు. బెత్తం అక్కడే పారేసి పరిగెత్తాను.

28 నవంబరు.

షావుకారు కొత్త బెత్తం ఇచ్చాడు. తీసుకున్నాను.

2 డిసెంబరు.

అమ్మకి చెప్పాలని ఊరు వెళ్ళాను. గోడకి సున్నం వేయించేసింది. నిచ్చెన దిగుతూ నన్ను చూసి నవ్వింది. రెండేళ్ళలో అమ్మ నవ్వడం ఇదే. గోడ బాగుందని చెప్పి తిరిగి వచ్చేశాను. పిరికివెధవని.

4 డిసెంబరు.

మళ్ళీ మూలపేట. బైరాగి బోర్లా పడుకుని ఉన్నాడు, వీపు మీద పసుపు. చిన్నతల్లి నా కాళ్ళ ముందు ఉమ్మింది. నువ్వు దినానికి రాకపోతే అమ్మే ఇక్కడికి వచ్చేస్తుంది, నువ్వే వచ్చి పట్టీలే అని చెప్పు అన్నాను. అబద్ధం ఆడమంటే ఆడతాను, నిజం సెప్పమంటే సెప్తాను, ఆర్డరేటో మీరే సెప్పండి బాబూ అన్నాడు.

ఆర్డరిచ్చాను.

7 డిసెంబరు, ఆదివారం.

పట్టీలేనమ్మా, దొరే స్వయంగా పెట్టించినాడు అని బైరాగి అందరి ముందూ చెప్పాడు. అమ్మ జాజు ముంత తెచ్చి అతని చేతిలో పెట్టింది. నా కొడుక్కి పెట్టినప్పుడు నువ్వు పక్కనున్నావు గదా, నువ్వే గియ్యి నాయినా అంది. పదిహేడు గీసి ఆగిపోయాడు.

మిగతా పదమూడూ నేను గీశాను. అమ్మ పైకి లెక్కపెట్టింది.