మూడోసారికి తట్టేవాడు

డోర్నకల్, ఆదివారం

గజాలా ఆపా,

సలాం. భూపాలపల్లి క్వార్టర్ ఖాళీ చేస్తూ అబ్బా గ్రామఫోన్ రికార్డులు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నావు. ఆ అమెరికా ఆయన శాక్సఫోన్ ఆల్బమ్‌లన్నీ ఫోన్‌లోనే ఉన్నాయన్నావు. నిజమే. నిన్న మా బ్యాండ్ వాళ్లందరం విన్నాం.

అబ్బా ఆ రికార్డుల్లోంచి నేర్పిన బరాత్ పాట ఉంది కదా. మధ్యలో ఒక ముక్క మూడుసార్లు వస్తుంది, పెళ్లికొడుకు దోస్తులు ఎగిరేది అక్కడే. ఫోన్‌లో అది ఒక్కసారే వచ్చింది. డ్రమ్ము వాయించే సోమ్లా, “గిదేంది, గీయన తప్పు వాయించిండు!” అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం, చిన్నప్పుడు ఆ రికార్డు మీద నువ్వు పిన్నుతో గీసిన గీత గుర్తొచ్చింది. సూది అక్కడ ఇరుక్కుని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పలికేది. మూడోసారికి అబ్బా సూదిని వేలితో ముందుకు తట్టేవాడు. నాకు నేర్పేటప్పుడూ మూడోసారికి నా భుజం మీద తట్టేవాడు.

పాడుచేశానని నువ్వు ఇప్పటికీ నొచ్చుకుంటావు. జనం నలభై ఏళ్లుగా ఎగురుతున్నది నీ గీతకే, ఆపా. మిగతావి నీ ఇష్టం, అదొక్కటి పంపు.

శుక్రవారం ఘన్‌పూర్‌లో బరాత్ ఉంది. మూడుసార్లే వాయిస్తాం.

నీ తమ్ముడు