ఫ్యాను చప్పుడు

అమ్మకు,

ఈ ఉదయం నాన్న చొక్కా దులిపితే రంపపు పొట్టు రాలలేదు. చీపురు పట్టుకుని నిలబడ్డాను గానీ ఊడ్చడానికి ఏమీ లేదు.

నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తాను. మా సంగతులు ఒక్కొక్కటే రాస్తాను. ఫోనులో నాకు నోరు పెగలదని నీకు తెలుసు, పైగా నాన్న పక్కనే ఉంటారు. అందుకే ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

ముందు నువ్వు అడిగినవి. నీ చీరలు ఎండలో వేసి మడతపెట్టాను. వెనక తలుపు ఇప్పుడు సరిగ్గా పడుతోంది. నువ్వు చూసుకునే పెద్దావిడ నిన్ను తన కూతురి పేరుతో పిలుస్తోందని రాశావు. పలుకమ్మా, పోయేదేముంది.

"మీడియా అంటే చదువా, సినిమాలు చూడటమా?" అన్నావు. క్లాసులో ఒక వార్తో ప్రకటనో చూపిస్తారు. కెమెరా ఎక్కడ నిలబడింది, ఎవరిని చూపించింది, ఎవరిని వదిలేసింది అని రాయాలి. నోరు విప్పకుండా మార్కులు తెచ్చుకోవచ్చు కాబట్టి నాకు సరిపోయింది. నాన్నకు మాత్రం ఇంకా నవ్వే. "టీవీ చూస్తే మార్కులా? మా రోజుల్లో ఉంటే నేనే ఫస్టు" అంటారు.

ఈ టర్ములో ఎవరైనా తమ పని గురించి చెబుతుంటే రికార్డు చేయమన్నారు. నీకు పంపింది అదే. వడ్రంగం గురించి చెప్పమంటే నాన్న నీ గురించి చెప్పారు. "మీ అమ్మకి మొదట చేసిచ్చిన బల్ల ఊగేది. కాలి కింద అట్టముక్క పెట్టుకుంది గానీ ఒక్క మాట అన్లేదు. అనుంటే సరిచేసేవాణ్ణి కదా, మహాతల్లి!"

అది విని నువ్వు రాశావు: "గొంతు పెళ్ళినాటిలా ఉంది. దగ్గు తగ్గినట్టే. నాకు బెంగ తీరింది. ఇంకో ఏడాది ఉంటానని ఈ ఇంటివాళ్ళతో చెప్పేశాను."

అమ్మా, ఆ గొంతు నేను చేసింది.

దగ్గులు కత్తిరించాను. క్లాసులో అందరం అలాగే చేస్తాం. తర్వాత రొద తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ మాట్లాడని చోటు కొంచెం ఎంచి కంప్యూటరుకు చూపిస్తే, అది అలాంటి చప్పుడునంతా మాటల కింద నుంచి కూడా తీసేస్తుంది. నాన్న మాటల మధ్య ఆగిన చోటు చూపించాను. అక్కడ గరగరమంటున్నది ఫ్యాను అనుకున్నాను. తీసేశాక గొంతు ఎంత తేటగా వచ్చిందో! మురిసిపోయి, సారుకి ఇవ్వకముందే నీకు పంపాను.

మా మీడియా సారు అసలుది కూడా అడిగి తీసుకున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"ఇందులోంచి ఏం తీశావమ్మా?"

"ఫ్యాను చప్పుడు సార్."

"ఫ్యాను అయితే ఒకేలా తిరుగుతూ ఉంటుంది. ఇది ఆగి, మళ్ళీ వస్తోంది. మీ నాన్నగారిని డాక్టరుకు చూపించారా?"

అప్పుడు గుర్తొచ్చింది. రికార్డు చేసిన రోజు కరెంటు లేదు.

నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. ఏళ్ళ తరబడి పీల్చిన పొట్టు అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయి, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అని నన్నడిగారు. "నేను పెద్దవాణ్ణే కదండీ" అన్నారు నాన్న. బయటికొచ్చాక నా వైపు చూడకుండా, "అమ్మకి చెప్పకు. మంచి గొంతు వింది కదా, నిశ్చింతగా ఉండనీ" అన్నారు. సరేనన్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఇంకో ఏడాది అన్న మాట ఎన్నిసార్లు చదివినా అలాగే ఉంది. ఇక ఆయనకిచ్చిన మాట నిలుపుకోలేను.

అసలు రికార్డింగు దీంతో పంపుతున్నాను. పెద్దావిడ నిద్రపోయాక, తలుపు వేసుకుని విను. నాన్న ఎక్కడ ఆగారో అక్కడ నువ్వూ వింటావు. విన్నాక ఆ ఇంటివాళ్ళతో మాట్లాడి బయలుదేరు. నన్ను వచ్చాక తిట్టు.

ఎక్స్‌రే తీసిన నాడే నాన్నని ఆసుపత్రిలో ఉంచుకున్నారు. నిన్న, ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు.

ఇట్లు,
నీ కూతురు