హిందూరావు కంచంలో నెయ్యి

కొల్హాపూర్, బుధవారం

చి. సౌ. మాలన్‌కు,

నీ కొడుకు ప్రాణానికి భయం లేదు. సోమవారం తాలీమ్‌లో కుస్తీ పడుతుండగా హిందూరావుకు పిల్లికూతలు పట్టి ఊపిరాడలేదు. ఇది దుమ్ము వల్ల వచ్చిన ఉబ్బసం కాదట. నూట ముప్పై రెండు కిలోల ఒంట్లోని కొవ్వే ఊపిరి గొట్టాలను వాపెక్కిస్తోందని, పీల్చే మందు వాడుతూనే పదిహేను కిలోలు తగ్గాలని డాక్టరు అన్నాడు. కుస్తీ నేర్పే వస్తాద్ మండిపడ్డాడు.

“బరువు తగ్గితే వీణ్ణి ఎవడైనా సంకలో పెట్టుకుపోతాడు, అవ్వా. నెయ్యి పెంచండి, ఆయాసం అదే పోతుంది.”

ఎవరిది నిజమో నాకు తెలియడం లేదు. ఏడాదిగా రోజుకు నాలుగు చెంచాలు నా చేత్తోనే కొలిచి వేశాను. నెయ్యి డబ్బా పంపవద్దు. లేదా చిన్నది పంపు. గేదె ఈనిందా? మీ ఆయనతో మాట్లాడి వెంటనే రాయి. అంతదాకా రెండు చెంచాలే వేస్తాను, అదీ భయపడుతూనే.

పిల్లలకు ఆశీస్సులు.

మీ అత్త,
ఆనందీబాయి